మూడో రోజు దాకా అర్థం కాకూడదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పౌరులకు తెలియజేయునది ఏమనగా, మన ప్రాంతంలో ఇకమీదట సైన్సు ఎవరికి పడితే వారికి, ఎలా పడితే అలా అర్థమైపోవడానికి వీల్లేదు. దానికొక పద్ధతి వచ్చింది. ఆ పద్ధతికి మూడు రోజులు, మూడు ఊళ్లు, మూడు ఫంక్షన్ హాళ్లు, నలభై మంది వక్తలు. పేరు 'శాస్త్ర సంభాషణ శిక్షణ శిబిరం'. ఈ పేరును మూడుసార్లు గబగబా పలికి నాలుక మడతపడని వారికి ప్రవేశ రుసుములో రాయితీ ఇద్దామని నేను ప్రతిపాదించాను. కన్వీనరు గారే మొదటిసారికి తడబడి పడిపోవడంతో ప్రతిపాదన కూడా ఆయనతోపాటే పడిపోయింది.

కన్వీనరు డాక్టర్ గోవర్ధన్ గారు. కోదాడ వారు. ఆయన డాక్టరేటు ఏ విషయం మీదో ముప్పై ఏళ్లుగా జిల్లాలో ఎవరికీ తెలియదు. ఒక విషయాన్ని అంతకాలం జనానికి తెలియకుండా కాపాడుకొచ్చిన మనిషి కంటే శాస్త్ర సంభాషణకు తగినవారు ఎవరుంటారు? శిబిరానికి వారం ముందు విలేకరులను పిలిచి ఆయన ఇలా సెలవిచ్చారు:

"శాస్త్రవేత్తకు చెప్పడం రాదండీ. ప్రజలకు వినడం రాదు. ఇద్దరి మధ్యా మేము వంతెన కడుతున్నాం. ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి వాగులో దిగి నడిచిపోతుంటే ఇక వంతెనెందుకు, టోల్‌గేటెందుకు?"

హైదరాబాదు–విజయవాడ రోడ్డు పక్కన బతికేవాళ్లం కాబట్టి ఈ మాట మాకు వెంటనే అర్థమైంది. శిబిరం మొత్తంలో వెంటనే అర్థమైన మాట అదొక్కటే.

నన్ను 'ప్రాస సలహాదారు'గా నియమించారు. మా జిల్లాలో పుట్టినరోజు ఫ్లెక్సీ నుంచి పోలియో చుక్కల గోడరాత దాకా ఎవరికి ప్రాస కావాలన్నా నా గడపే తొక్కుతారు. ప్రాస లేని మాట నాకు ఉప్పు లేని పప్పు. పప్పు లేకపోయినా ఉప్పుంటే చాలనుకునే రకం నేను. కన్వీనరు గారికి నచ్చింది కూడా ఆ గుణమే.

శిబిరం నియమావళి పదహారు పేజీలు. అందులో గుండెకాయ లాంటిది నాలుగో నియమం. శిక్షణ పొందే పరిశోధకులు ఒక పక్క కూర్చుంటారు, ముప్పై మంది సామాన్య ప్రజలు మరో పక్క కూర్చుంటారు. మొదటి రోజు సామాన్యులకు ఒక పరీక్ష, మూడో రోజు అదే పరీక్ష. మొదటి రోజు సున్నా రావాలి, మూడో రోజు పది రావాలి. మధ్యనున్న తేడాయే శిబిరం ఘనత. అందుచేత 'మూడవ దినము ఉదయం పదకొండున్నర గంటల వరకు సామాన్యులకు ఏ విషయమూ అర్థము కానీయరాదు. అర్థము కానిచ్చిన వారికి సర్టిఫికెట్ నిరాకరించబడును'. నియమం పకడ్బందీగా అమలవ్వాలని పరిశోధకుల ఫోన్లన్నీ ఒక బియ్యం సంచిలో వేయించి మూతి కట్టారు.

ముప్పై మంది సామాన్యులను పెన్‌పహాడ్ వైపు నుంచి తెప్పించారు. కుర్చీ కవర్లు, నీళ్ల డబ్బాలు, మైకు సెట్టు వచ్చిన ట్రాలీ ఆటోలోనే వాళ్లూ వచ్చారు. సామాన్యులూ సామాన్లూ ఒకే ఆటోలో దిగితే దించుకునేవాడికి పని తేలిక. లెక్క చూసుకుని ఒక్కొక్కరి మెడలో ఒక్కో కార్డు వేశారు. దాని మీద పేరు ఉండదు. 'సామాన్యుడు – 1', 'సామాన్యుడు – 2', అంతే.

వారిలో సామాన్యుడు – 14 మన సోమన్న. ఎనభై గొర్రెల మంద ఆయనది. తాత ముత్తాతల నుంచీ గొర్రెల వెంట నడిచిన కాళ్లు, మనిషి మాట కంటే గొర్రె అరుపును తొందరగా పట్టుకునే చెవులు. రెండేళ్ల కింద యాసంగి వరికోతలప్పుడు ఆయన మందలో పందొమ్మిది గొర్రెలు రెండు రోజుల్లో పడిపోయాయి. పొద్దున మేశాయి, పొట్ట ఉబ్బింది, పళ్లు కొరికాయి, పోయాయి. 'గొర్రెలు ఎందుకు చనిపోతున్నాయో శిబిరంలో తెలియజేయబడును' అని కరపత్రంలో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం కోసం సోమన్న కోతల సీజన్లో మందను భార్య దుర్గమ్మకు అప్పజెప్పి వచ్చాడు. మిగతా ఇరవై తొమ్మిది మంది భోజనం కోసం వచ్చారని కన్వీనరు గారు తర్వాత నివేదికలో రాశారు. భోజనం కోసం వచ్చిన నలభై మంది వక్తల గురించి రాయలేదు.

ఆ పందొమ్మిది గొర్రెల్లో నాలుగింటి కడుపు కోసి చూసిన అమ్మాయి కూడా ఇదే శిబిరంలో ఉంది. పేరు సునీత. పెన్‌పహాడ్ పక్క తండాలో బీక్యా కూతురు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, యూనివర్సిటీలో ఇంగ్లీషు, గొర్రెలతో నాలుగో భాష మాట్లాడుతుంది. మూడేళ్లు పదకొండు మందల వెనక నడిచి, ఎండకు నల్లబడి, మొన్నీమధ్యే ఒక సంగతి కనిపెట్టింది. వరి కోసే మిషన్ చాలా గింజల్ని నేల మీద రాలుస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్న గొర్రె ఆ గింజల మీద పడి అదే పనిగా తింటుంది. లోపల అంతా పులిసి పోతుంది. గొర్రె పోతుంది. ఇంత పరిశోధనా తెలుగులో ఇంతే: "ఆకలి మీదున్న గొర్రెల్ని మిషన్ కోసిన పొలంలోకి తోలకండి. ముందు ఎండుగడ్డి మేపండి, మొదటి రోజు అరగంట చాలు."

ఇది చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. పది సెకన్లకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? సర్టిఫికెట్ లేనిదే ఆమె థీసిస్ పుచ్చుకునేది లేదని యూనివర్సిటీ వారు కొత్తగా రూలు పెట్టారు. కాబట్టి ఆమె పది సెకన్ల మాటను మూడు రోజులకు సాగదీయడం నేర్చుకోవడానికి వచ్చింది.

మొదటి రోజు సూర్యాపేట. అంశం: పండితులకు చెప్పుట.

వేదిక మీద పదహారు మంది, కింద పన్నెండు మంది పరిశోధకులు, వెనక సామాన్లు, సామాన్యులు. ఏప్రిల్ ఎండకు బయట రోడ్డు కాలుతుంటే లోపల ఏసీ గాలికి జ్యోతి వెలగనంటోంది. ముఖ్య అతిథి తొమ్మిది అగ్గిపుల్లలు గీసి, పదో దానికి "విజ్ఞాన జ్యోతి ఎవరు ఆర్పినా ఆరదు" అని ప్రసంగం మొదలుపెట్టారు. అందరికీ మెమెంటోలిచ్చారు. మెమెంటో అంటే 'మేమెంతో' అని చెక్క మీద చెక్కించుకోవడం.

సునీత లేచి, నాలుగో నియమం ప్రకారం వెనక వరుసలకు వినబడకుండా మైకు లేకుండానే తన మాట చెప్పింది. ముందు వరుస ప్రొఫెసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అర్థమైపోతోందమ్మా," అన్నారు ఒకరు బాధగా.

"ఔను, నాకూ అర్థమైంది," అన్నారు ఇంకొకరు, ఒంట్లో బాగోలేని మనిషిలా. "ఇందులో శాస్త్రం ఏదీ?"

భోజనాల లోపు ఆమెకు శాస్త్రం ఎక్కించారు. గొర్రె 'చిన్న నెమరు జీవి' అయింది. తిండి 'స్వేచ్ఛా ఆహార స్వీకరణ' అయింది. చావు 'ప్రతికూల జీవన పరిణామం' అయింది. పరిశోధన పేరు 'యాంత్రిక కోతానంతర క్షేత్రాలయందు చిన్న నెమరు జీవుల ఆకస్మిక జఠరామ్లత: ఒక ప్రాథమిక ఉపపరిశీలనకు ఉపోద్ఘాతం' అయింది. నలభై రెండు స్లైడులు తయారయ్యాయి. స్లైడు స్లైడుకూ విషయం సైడుకు జరిగింది. ఆఖరి స్లైడు దగ్గర గొర్రె బొమ్మ ఒకటి మిగిలింది. దాన్ని కూడా "గంభీరత చెడుతుంది" అని తీయించారు.

మిగిలినదంతా ఆమె చేత మైకులో చదివించారు. తర్వాత ప్రశ్నలు. మొదటి ప్రొఫెసర్ గారి ప్రశ్న, పంతొమ్మిది వందల తొంభై ఆరులో ఆయన రాసిన వ్యాసాన్ని ఆమె ఎందుకు ఉదహరించలేదని. ఆ వ్యాసం చేపల మీద. రెండో వారి ప్రశ్న ప్రశ్న కాదు, ఆత్మకథ. మూడో వారు "లంచ్ ఎక్కడ?" అని అడిగారు. సభలో సూటిగా అడిగిన శాస్త్రీయ ప్రశ్న అదే. దానికి సూటిగా జవాబు కూడా వచ్చింది.

లంచ్ లైన్‌లో సోమన్న సునీతను పట్టుకున్నాడు.

"బిడ్డా, నువ్వు గీడ్నే ఉన్నవా! నా గొర్ల కడుపులు కోసి సూసినవ్ గదా. ఎందుకు సచ్చినయో తెలిసిందా?"

"తెలిసింది కాకా."

"మరి జెప్పవేందే? గా తెర మీద అక్షరాలేసి ఏదో సదివినవ్, నాకు మంత్రం లెక్క ఇనబడ్డది."

ఆమె నోరు తెరిచింది. అప్పుడే పెరుగన్నం ప్లేటుతో గోవర్ధన్ గారు ఇద్దరి మధ్యకు దూరారు.

"అమ్మా సునీతా! ఆపండి. మెడలో కార్డు చూడండి. ఆయన సామాన్యుడండీ. ఎల్లుండి పదకొండున్నర దాకా ఆయనకు అర్థం కాకూడదు."

"నాకు అర్థమైతే మీకేం తక్లీఫ్ సారూ?" అన్నాడు సోమన్న.

"మీకు ఇప్పుడే అర్థమైతే ఎల్లుండి మేము అర్థం చేయించేది ఏముంటుందండీ? ఇంత ఖర్చు పెట్టాం. జర మా కష్టం కూడా చూడాలి కదా."

సోమన్న ఆలోచనలో పడ్డాడు. అవతలి మనిషి కష్టమని చెబితే కరిగిపోయే జాతి మనిషి. సునీత మాత్రం కన్వీనరు గారి భుజం మీదుగా ఒకటే అడిగింది: "కాకా, గొర్లు యాడున్నయి?"

"వేములపల్లి కాడ కాలువ కట్టకు ఆపిన. మీ అత్త ఉన్నది. సుట్టుముట్టు మిషిన్లు కోస్తనే ఉన్నయి. నేనొచ్చేదాక మడిల దించకు, కట్ట మీదనే మేపు అని జెప్పిన. పోయినసారి దెబ్బకు నాకు ఇంకా దడ పోలే."

సునీత ఊపిరి పీల్చుకుంది. కట్ట మీద ఉంటే భయం లేదు. రెండు రోజులేగా, ఎల్లుండి వేదిక మీదే చెబుతాను, ఆయన మంద దక్కుతుంది, నా సర్టిఫికెట్టూ దక్కుతుంది అనుకుంది. ఆమె మూడేళ్ల పరిశోధనలో చేసిన తప్పుడు అంచనా అదొక్కటే.

రెండో రోజు కోదాడ. అంశం: సామాన్యులకు చెప్పుట.

ఇక్కడ ఏర్పాటు వేరు. నిన్న మాటకు బట్టలు తొడిగిన పెద్దలే ఇవాళ విప్పడానికి కూర్చున్నారు. దీనికి 'సరళీకరణ సంఘం' అని పేరు. నేనూ సభ్యుణ్ణే. సంఘం ముందు సునీత తన మాటను తెల్ల కాగితం మీద రాసి పెట్టింది: "ఆకలి మీదున్న గొర్రెల్ని మిషన్ కోసిన పొలంలోకి తోలకండి. ముందు ఎండుగడ్డి మేపండి, మొదటి రోజు అరగంట చాలు."

గోవర్ధన్ గారు ఎర్ర పెన్ను తీశారు.

"'తోలకండి' అన్నారు. ఇది వద్దు అనే మాటండీ. ప్రజలకు వద్దు అనే మాటలు వద్దు. మంచి మాటే చెప్పాలి." 'కండి' కొట్టేసి 'ండి' పెట్టారు.

"'ఆకలి' అన్నారు. రేపు వేదిక మీద ముఖ్య అతిథి ఉంటారు. వారి ఎదురుగా మన ప్రాంతంలో ఆకలి ఉందంటామా? గొర్రెలకైనా సరే." ఆకలి తీరిపోయింది.

"'మిషన్' అన్నారు. మనకు ఫ్లెక్సీల ఖర్చు భరిస్తున్న దాత గారికి నాలుగు కోత మిషన్లున్నాయి." మిషన్ పోయింది.

"'ఎండుగడ్డి' దగ్గర ఉత్సాహం లేదు. 'అరగంట' అంటే జనం గడియారం చూసుకోవాలి. సామాన్యుడికి అంత భారం పెట్టకూడదు." అవీ పోయాయి.

కాగితం మీద గొర్రెలు, కోత, పొలం, తోలండి మిగిలాయి. నలుగురూ నా వైపు చూశారు. ఇలాంటి ఘడియల కోసమే నన్ను పుట్టించారు. నేను కళ్లు మూసుకున్నాను, తెరిచాను, చెప్పాను:

"కోత కోసిన పొలం – గొర్రెకు కొండంత బలం!"

సంఘం లేచి నిలబడింది. గోవర్ధన్ గారు నా చేతులు పట్టుకుని "ఇదండీ సైన్సు!" అన్నారు. ఒక్క సునీత కూర్చునే ఉంది.

"సార్, ఇది నేను చెప్పినదానికి తలకిందులుగా ఉంది."

"తలకిందులైనా ప్రాస తప్పలేదు కదమ్మా."

"ఇది చదివి ఎవరన్న గొర్లను దించితే సస్తయి సార్!"

"చావు అనే మాట కూడా వద్దనుకున్నాం," అని గుర్తుచేశారు ఆయన, మృదువుగా. కానీ ఆమె కళ్లు చూసి కొంచెం దిగివచ్చారు. "సరే. ఫ్లెక్సీలు రేపు మీ ప్రసంగం అయ్యాకే కట్టిస్తాం. పది నిమిషాలు మీవి. విడమరిచి చెప్పుకోండి. సరేనా?"

నేను కూడా ఆమెను ఓదార్చాను. ఫ్లెక్సీ ముఖమైతే నీ ప్రసంగం మనసమ్మా, అన్నాను. ఆమె నా ముఖం చూసింది. మనసు చెప్పుకోలేదు.

మన ప్రాంతంలో ఆసుపత్రి రిపోర్టుకు ఆరు రోజులు పట్టవచ్చు, పట్టా పాసు పుస్తకానికి ఆరేళ్లు పట్టవచ్చు, ఫ్లెక్సీ మాత్రం గంటలో వస్తుంది. పన్నెండు ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్కొక్క దాని మీద నలభై మంది వక్తల ఫోటోలు, దాత గారి ఫోటో రెండుసార్లు, మధ్యలో నా నినాదం, మూలన నవ్వుతున్న గొర్రె. వాటిని తీసుకెళ్లిన ట్రాలీ డ్రైవరుకు మర్నాడు పెళ్లి సామాన్ల లోడు ఉంది. అతను ప్రసంగం దాకా ఆగలేనని, ఉదయం ఆరింటికల్లా మిర్యాలగూడ నుంచి వేములపల్లి దాకా స్తంభం స్తంభానికీ కట్టేసి పెళ్లికి పోయాడు. మూడు రోజుల్లో సమయానికి ముందు జరిగిన కార్యక్రమం అదొక్కటే.

మూడో రోజు మిర్యాలగూడ. అంశం: ముగింపు.

ముగింపు సభ పదిన్నరకు మొదలైంది, ముగింపు మాత్రం ఎక్కడా కనబడలేదు. ముఖ్య అతిథి విజ్ఞానం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, "టైం లేదు కాబట్టి ప్రసంగించడం లేదు" అన్నారు. సరిగ్గా పదకొండున్నరకు సునీతను పిలిచారు. సామాన్యులకు అర్థం కావడానికి అనుమతి లభించిన శుభ ముహూర్తం. సోమన్న కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. ఆమె మైకు దగ్గరకు వచ్చి, నలభై రెండు స్లైడుల పెన్‌డ్రైవును బల్ల మీద పక్కన పెట్టి, నేరుగా ఆయన్నే చూస్తూ "సోమన్న కాకా..." అంది.

అప్పుడు సోమన్న జేబులో ఫోను మోగింది.

వేదిక మీద పదహారు మొహాలు ఒకేసారి ముడుచుకున్నాయి. సోమన్న ఫోను పాతది. చెవి దగ్గర పెట్టుకున్నా నాలుగో వరుస దాకా వినబడుతుంది. అటు దుర్గమ్మ.

"ఏందే, మీటింగుల ఉన్న."

"గొర్లు జర తేడాగ ఉన్నయయ్యా. పొద్దుగాల మడిల దించిన. మస్తుగ మేసినయి. ఇగ ఇప్పుడు పండుకున్నయి, లేపితే లేస్తలేవు. పళ్లు కొరుకుతున్నయి."

సోమన్న లేచి నిలబడ్డాడు. "నేను వద్దన్న గదనే! నేనొచ్చేదాక కట్ట దిగొద్దన్ననా లేదా?"

"అన్నవ్. గని గీడ రోడ్డు మీద ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. నాకు సదువు రాదాయె, మడి ఆసామిని అడిగిన. గొర్లకు కొండంత బలమంట, సదివి జెప్పిండు. నువ్వు బోయిన మీటింగోళ్లదేనంట. నువ్వే జెప్పి పంపినవనుకున్న. పెద్ద పెద్ద సార్ల ఫోటోలున్నయి. గంతమంది ఫోటోలేసుకొని అబద్ధం రాస్తరా?"

 తర్వాతి క్షణం గోవర్ధన్ గారిది. ఆయన ఒక్క అంగలో మైకు అందుకున్నారు.

"చూశారా! చూశారా అండీ! ఉదయం ఫ్లెక్సీ కట్టాం, మధ్యాహ్నానికి చదువురాని ఒక పల్లెటూరి తల్లి ఆచరణలో పెట్టేసింది! భర్త మాట కూడా కాదని విజ్ఞానం మాట విన్నది! ఇంతకంటే ప్రభావం ఏం కావాలి? గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. నా నినాదం కదా.

చప్పట్ల మధ్యనుంచి సునీత వేదిక దూకింది. "కాకా, వెంటనే బయటికి తోలమను! ఇంకొక్క గింజ ముట్టనియ్యొద్దు! పశువుల డాక్టరుకు ఫోన్ కొట్టు. నేను గూడ వస్తున్న, పా!"

"అమ్మా, మీకింకా తొమ్మిది నిమిషాల యాభై సెకన్లున్నాయి!" అన్నారు కన్వీనరు గారు వెనక నుంచి.

ఆమె వంటశాలలోకి పరుగెత్తింది. అక్కడ సాయంత్రం టిఫిన్లకు పిండి కలుపుతున్న వంటమనిషి సువర్ణ తలెత్తింది.

"అక్కా, వంట సోడా ఎంతున్నది?"

"రెండు కిలో ప్యాకెట్లు. బజ్జీలకు పెట్టిన. నీకెందుకు?"

"గొర్లు వడ్లు తిని పడ్డయి."

సువర్ణ ఇంకో ప్రశ్న వేయలేదు. రెండు ప్యాకెట్లూ చేతిలో పెట్టి, ఖాళీ నీళ్ల సీసాలు కూడా నాలుగు సంచిలో వేసి ఇచ్చింది. శిబిరంలో ఒక పరిశోధకురాలి మాట ఒక సామాన్యురాలికి తక్షణం అర్థమై, తక్షణం పని జరిగిన ఘటన ఇదొక్కటే. సువర్ణ మెడలో కార్డు లేకపోవడంతో దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సునీతా సోమన్నా ఆటో ఎక్కి వేములపల్లి పోయారు. నేనూ వెళ్లాల్సిందే. కానీ పన్నెండింటికి నాకు సన్మానం ఉంది. శాలువా కప్పుతుంటే ఒళ్లంతా చెమట పట్టింది. ఎండాకాలం కదా మరి.

తర్వాత జరిగింది ఇతరుల నోట విన్నాను. ఎనభై గొర్రెల నోళ్లు తెరిచి, కడుపులోని పులుపు విరగడానికి సీసాలతో సోడా నీళ్లు పట్టారు ముగ్గురూ. పశువుల డాక్టరు బండి మీద వచ్చి సూదులు వేశాడు. దుర్గమ్మ ఒక్కో గొర్రెను ఒళ్లో వేసుకుని పొట్ట రుద్దింది. పొద్దు గూకేదాకా ఎవరూ తల ఎత్తలేదు. మూడో నాటికి పదిహేడు పోయాయి, అరవై మూడు లేచి నిలబడ్డాయి. దుర్గమ్మ ఏడవలేదట. పడిపోయిన పెద్ద పొట్టేలు పక్కన కూర్చుని, భర్తను ఒకటే మాట అడిగిందట: "గా ఫోటోలల్ల ఉన్నోళ్లు, ఎన్నడన్న గొర్రెను సూసిన్రా?"

ఈ ప్రశ్న నియమావళిలో లేదు కాబట్టి జవాబు కూడా లేదు.

శిబిరం నివేదిక సకాలంలో వెలువడింది. ఫలితాలు అద్భుతం. మొదటి రోజు ముప్పై మందికి సున్నా. మూడో రోజు ఇరవై తొమ్మిది మందికి పదికి పది. ఆఖరి పరీక్షలో ప్రశ్న ఒక్కటే: 'మీకు అర్థమైనదా?' పక్కన 'అవును' అన్న గడి ఉంది. 'కాదు' గడికి కాగితంలో చోటు చాల్లేదు. సామాన్యుడు – 14 చెప్పకుండా సభ నుంచి నిష్క్రమించినందున అతని కాగితం ఖాళీ. 'ఒక్క వ్యక్తి అజ్ఞానం వల్ల నూటికి నూరు శాతం చేజారినది' అని విచారం వ్యక్తం చేశారు. అనుబంధంలో ఒక పేరా: 'వేములపల్లి పరిసరాల్లో పదిహేడు జీవాలు మరణించినట్లు తెలియవచ్చినది. ఇంత విస్తృత అవగాహన కల్పించినప్పటికీ ఇట్టివి జరుగుట, కాపరులలో శాస్త్రీయ దృక్పథము లోపించుటకు నిదర్శనము. కావున వచ్చే ఏడు శిబిరమును అయిదు రోజులకు పొడిగించవలెను.'

సునీతకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. కారణాలు మూడు రాశారు. కేటాయించిన పది నిమిషాల్లో పది సెకన్లే వాడుకొనుట. వేదిక నుండి మెట్ల మార్గాన గాక దూకి దిగుట. నిర్దేశిత భాషలో గాక ఇంటి భాషలో ప్రజలతో మాట్లాడుట. థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ మాట చెప్పినప్పుడు బీక్యా కూతురితో అన్నాడట, "పోనీ బిడ్డా, ఆరు నెలలల్ల ఇంకో కోత వస్తది. గప్పటికన్న జెప్పు" అని.

ఆమె అప్పటిదాకా ఆగలేదు. తండ్రి ఆ మాటన్న మర్నాడే దుర్గమ్మ వేములపల్లి రోడ్డు మీది ఫ్లెక్సీ ఒకటి విప్పుకొచ్చింది, పిల్లలకు నీడ కడదామని, గొర్రె పిల్లలకు. ఫ్లెక్సీకి రెండు ముఖాలుంటాయని శిబిరంలో ఎవరికీ తోచలేదు. వెనక వైపు తెల్లగా, ఏ ఫోటో లేకుండా, శుభ్రంగా ఉంది. గొర్రెల వీపు మీద గుర్తులు పెట్టే ఎర్ర రంగు డబ్బా సోమన్న తెచ్చాడు. సునీత వంగి, బారెడంత అక్షరాలతో రాసింది: "ఆకలి మీదున్న గొర్రెల్ని మిషన్ కోసిన పొలంలోకి తోలకండి. ముందు ఎండుగడ్డి మేపండి, మొదటి రోజు అరగంట చాలు."

దాన్ని తీసుకెళ్లి అదే స్తంభానికి, ఈ ముఖం రోడ్డుకు కనబడేలా కట్టారు. చదవరాని వాళ్లకు దుర్గమ్మ స్తంభం కింద కూర్చుని చదివి వినిపిస్తోంది. ఆమెకూ చదవరాదు. ఆ రెండు వాక్యాలు మాత్రం పదిహేడు గొర్రెలిచ్చి నేర్చుకుంది. నడిగూడెం వైపు నుంచి కూడా మందల వాళ్లు వచ్చి విని పోతున్నారట. తర్వాత ఆ దారిన ఏ మందలోనూ గొర్రె పడిపోయిందన్న కబురు రాలేదు. కబురు రాలేదు కాబట్టి పత్రికలో వార్తా రాలేదు.

నోటీసు మాత్రం వచ్చింది. సోమన్న, దుర్గమ్మ, సునీత, ముగ్గురి పేరునా. సర్టిఫికెట్ లేకుండా శాస్త్రాన్ని ప్రజలకు అర్థం కానిచ్చినందుకు, మరీ ముఖ్యంగా నలభై మంది వక్తలను బోర్లా పడుకోబెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలని. నోటీసు పంపాలా వద్దా అని జరిగిన సమావేశంలో నేనూ ఉన్నాను. ఫ్లెక్సీలో తమ ముఖం కనబడటం లేదని అడిగినవారు ముప్పై తొమ్మిది మంది. వెనక ఏం రాశారని అడిగినవారు లేరు. నలభయ్యో మనిషిని నేనే. నినాదం పక్కన నా పేరు వేయలేదేమని అడిగాను.

నన్ను చూసి నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి. కానీ నవ్వి ఊరుకోకుండా నాకో చిన్న పరీక్ష రాసిపెట్టండి. సునీత మాటను ఈ కథలో మూడుసార్లు, అక్షరం మార్చకుండా రాశాను. నా నినాదాన్ని ఒక్కసారే రాశాను. పేజీ వెనక్కి తిప్పకుండా, కళ్లు మూసుకుని చెప్పండి. రెండింటిలో మీ నోటికి ముందు వచ్చింది ఏది?

మొహమాటపడకండి. పేరు, అడ్రసు పంపండి. సర్టిఫికెట్ల మీద సంతకాలు చేసే ఉన్నాయి.